సంచి ఎవరిది విప్పించారు?

మొన్నొక ఆదివారం సాయంకాలపు ఆరాధన ముగించుకుని నారాయణగూడ నుంచి చిక్కడపల్లి వైపు నడిచి వస్తున్నాం. మాతో ఒక తమ్ముడున్నాడు. నాగర్‌కర్నూల్ వైపు పల్లెటూరు నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో నలుగురితో కలిసి హాస్టల్ గదిలో ఉంటూ గ్రూప్-2కు చదువుకుంటున్నాడు. పేస్టు, సబ్బు కొనుక్కోవాలన్నాడు. దారిలో ఉన్న ఒక సూపర్‌మార్కెట్‌లోకి కలిసే వెళ్ళాం.

గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను ఆ తమ్ముడి వీపు మీది బ్యాగు తీయించి, కౌంటర్‌లో పెట్టించి, టోకెన్ చేతికిచ్చాడు. నియమం నియమమే కదా అనుకున్నాం. మా భుజాన కూడా ఒక పెద్ద సంచి ఉంది. అందులో బైబిలు, పాటల పుస్తకం, కళ్ళజోడు డబ్బా ఉన్నాయి, ఇంకా సగం ఖాళీ. రెండు కిలోల కందిపప్పు అందులో దాచినా బయటికి కనబడదు. దాన్ని ఎవరూ అడగలేదు. లోపల సబ్బుల వరుస దగ్గర, పేస్టుల వరుస దగ్గర ఆ తమ్ముడికి రెండడుగుల వెనకే యూనిఫాం వేసుకున్న ఒక కుర్రాడు తిరిగాడు. మేము బిస్కెట్ల దగ్గర పది నిమిషాలు నిలబడి ఒక్కొక్క ప్యాకెట్టూ తిప్పి చూశాం, మా వెనక ఎవరూ రాలేదు. డబ్బు కట్టి బయటికొచ్చేటప్పుడు మా బిల్లు మీద ముద్ర కొట్టి పంపేశారు. అతని బిల్లు మీదా ముద్ర కొట్టారు, ఆ తర్వాత జేబులు చూపించమన్నారు. గది తాళంచెవి, మడతపెట్టిన ఒక కాగితం, కొంత చిల్లర బయటికొచ్చాయి.

రోడ్డు మీదికొచ్చాక మాకే ముఖం చెల్లలేదు. అతను మాత్రం తేలిగ్గా, "అలవాటే అంకుల్" అన్నాడు.

ఈ సంపాదకీయం ఆ మాట గురించి. ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడికి, ఏ తప్పూ చేయకుండా, జేబులు బయటికి తీసి చూపించడం ఎలా అలవాటైంది?

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. జేబులు చూపించమన్న సెక్యూరిటీ అతను, మా చేతిలో బైబిలు కనబడగానే నవ్వి "ప్రైజ్ ద లార్డ్ సార్" అన్నాడు. అతనూ విశ్వాసే.

అమెరికాలో ఈ అనుభవానికి ఒక పేరే ఉంది. 'డ్రైవింగ్ వైల్ బ్లాక్' అనే మాట నుంచి 'షాపింగ్ వైల్ బ్లాక్' అనే మాట పుట్టింది. నల్లజాతి పిల్లలు దుకాణంలో అడుగుపెట్టగానే వెనక మనిషి తిరగడం, అడగకుండానే "ఏం కావాలి" అంటూ మీదికి రావడం, బిల్లు చూపించమని గుమ్మంలో ఆపడం, చివరికి పోలీసులను పిలవడం, ఇవన్నీ ఆ మాటలోకి వస్తాయి. 2018 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలోని ఒక స్టార్‌బక్స్ దుకాణంలో ఇద్దరు నల్లజాతి యువకులు ఏమీ కొనకుండా స్నేహితుడి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. మేనేజరు పోలీసులకు ఫోన్ చేసింది, వాళ్ళకు సంకెళ్ళు పడ్డాయి. దేశమంతా గొడవయ్యాక ఆ కంపెనీ మే 29న అమెరికాలోని తన ఎనిమిది వేలకు పైగా దుకాణాలను ఒక మధ్యాహ్నం మూసేసి, ఉద్యోగులకు పక్షపాతం గురించి పాఠం చెప్పించింది. కాఫీ కొట్టులో స్నేహితుడి కోసం ఎదురుచూడటం మన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఇరానీ చాయ్ దగ్గర రోజూ జరిగే పనే.

అంతకంటే బాధాకరమైనది 1991 మార్చి 16న లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. లటాషా హార్లిన్స్ అనే పదిహేనేళ్ళ నల్లజాతి అమ్మాయి ఒక కొట్టుకు వెళ్ళి 1.79 డాలర్ల నారింజ రసం సీసా తీసుకుని బ్యాగులో పెట్టుకుని కౌంటర్ దగ్గరికొచ్చింది. కొట్టు నడిపే కొరియా దేశపు మహిళ, దొంగతనం చేస్తోందని నిశ్చయించుకుని ఆమెను పట్టుకుని లాగింది. పెనుగులాట జరిగింది. అమ్మాయి దెబ్బలు కొట్టి, సీసాను కౌంటర్ మీదే వదిలి వెనక్కి తిరిగి వెళ్ళిపోతుండగా ఆ మహిళ తుపాకీతో తల వెనుక కాల్చింది. చనిపోయిన ఆ పిల్ల చేతిలో రెండు డాలర్లున్నాయి. జ్యూరీ ఆ మహిళను దోషి అంది, కానీ న్యాయమూర్తి జైలు వేయలేదు. ఐదేళ్ళ ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 500 డాలర్ల జరిమానాతో సరిపెట్టారు. ఆ మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్ తగలబడినప్పుడు ఆ కోపంలో ఈ తీర్పు కూడా కలిసి ఉంది.

ఇందులో ఎక్కువసేపు ఆలోచించవలసినది ఆ కొట్టు యజమానురాలి గురించి. ఆమె తెల్లదొర కాదు. దేశం కాని దేశం వచ్చి, రెక్కలు ముక్కలు చేసుకుని కొట్టు నడుపుకుంటున్న పరాయి మనిషి. ఈ రోజు మన సంఘాల పిల్లలు ఎందరో అక్కడ అటువంటి కొట్లలో, పెట్రోలు బంకుల్లో పార్ట్‌టైమ్ పని చేస్తున్నారు. వీసా వచ్చినప్పుడు మందిరంలో సాక్ష్యం చెప్పించి, కృతజ్ఞతా ప్రార్థన చేసి పంపినది మనమే. వారం తిరక్కుండా ఆ పిల్లవాడు ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, ఈ ఏరియాలో నల్లోళ్ళెక్కువ, జాగ్రత్తగా ఉండాలంట" అంటాడు. ఎవరు చెప్పారు? ముందు నుంచి అక్కడున్న మనవాళ్ళే. వెళ్ళిన దేశపు భాష రాకముందే ఆ దేశపు అనుమానం వచ్చేస్తుంది. అమ్మ ఇక్కడ "అవును నాన్నా, వాళ్ళతో జాగ్రత్త" అంటుంది. ఆ ఫోను పెట్టేసి మోకాళ్ళూని ఆ పిల్లవాడి క్షేమం కోసమే ప్రార్థిస్తుంది.

ఆ అనుమానం మనిషిని చూసుకుని ఆగదు. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, కొడుకు ఇంటికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ళ సురేశ్‌భాయ్ పటేల్ ఉదయం పూట వీధిలో నడుస్తున్నారు. బక్కపలచని నల్లవాడొకడు అనుమానాస్పదంగా తిరుగుతున్నాడని పొరుగున ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. పోలీసు ఆయన్ను నేలకు కొట్టాడు, మెడ దెబ్బతిని శరీరం చచ్చుబడింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతలో మన హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, ఇరాన్‌వాడని అనుకుని, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. అప్పుడు మన మందిరాలన్నీ కన్నీటితో ప్రార్థించాయి. ఆ ప్రార్థన నిజమైనదే. అయితే తుపాకీ పట్టుకున్నవాడి మనసులో ఉన్నది ఏమిటి? చర్మం రంగు చూసి మనిషిని తేల్చేయడం. అది మన ఇంటి ఫోను మాటల్లో కూడా ఉందంటే ఒప్పుకోవడం కష్టమే.

ఈ అనుమానం ఎలా పనిచేస్తుందో కొంచెం విడమరచి చూద్దాం. దుకాణదారుడు చెడ్డవాడని చెప్పడం మా ఉద్దేశం కాదు.

ఏ దుకాణంలోనైనా సరుకు లెక్క తగ్గుతుంది. కొంత దొంగతనం వల్ల, కొంత బిల్లింగ్ పొరపాట్ల వల్ల, కొంత పాడైపోవడం వల్ల, కొంత సరఫరాదారుడే తక్కువ పంపడం వల్ల, కొంత లోపలివాళ్ళ చేతివాటం వల్ల. ఏ వాటా ఎంతో తేల్చడం కష్టం. అందుకని కంటికి కనబడే ఒక్కదాని మీద, అంటే లోపలికొచ్చే మనుషుల మీద, కాపలా పెడతారు. వచ్చే వందమందినీ చూడలేరు గనుక కొందరిని ఎంచుకుంటారు. ఆ ఎంపికలోనే అసలు విషయం ఉంది.

ఒక లెక్క వేద్దాం. రోజుకు వందమంది బ్యాగు కుర్రాళ్ళు, వందమంది మాలాంటి తల నెరిసినవాళ్ళు వస్తారనుకోండి. రెండు గుంపుల్లోనూ సరిగ్గా ఇద్దరిద్దరు దొంగలే ఉన్నారనుకోండి. కాపలా మనిషి కుర్రాళ్ళలో యాభైమందిని, పెద్దవాళ్ళలో ఐదుగురిని తనిఖీ చేశాడు. కుర్రాళ్ళలో ఒకడు దొరుకుతాడు, పెద్దవాళ్ళలో ఒక్కడూ దొరకకపోవచ్చు. నెలాఖరుకు పుస్తకంలో ముప్పైమంది కుర్రాళ్ళ పేర్లు, మహా అయితే ఇద్దరు ముగ్గురు పెద్దల పేర్లు ఉంటాయి. మేనేజరు ఆ పుస్తకం చూపించి "నేను చెప్పలేదూ?" అంటాడు. అబద్ధం ఎవరూ ఆడలేదు. వెతికిన చోట దొరికింది, వెతకని చోట దొరకలేదు, అంతే. మరుసటి నెల ఇంకా గట్టిగా కుర్రాళ్ళనే చూస్తారు. ఇద్దరూ సమానంగా దొంగలైన చోటే పుస్తకం ఒకరినే దొంగల గుంపుగా రాసిపెట్టింది.

అనుమానం ఎప్పటికీ తప్పని రుజువు కాకపోవడానికి కారణం ఇదే. తప్పును చూపించగలిగే సాక్ష్యం వెతకని సంచుల్లో ఉండిపోతుంది.

ఎవరిని ఎంచుకోవాలో కాపలా మనిషికి ఎవరు చెప్పారు? బట్టలు, రంగు, యాస, వయసు, చెప్పులు. అశోక్‌నగర్ సందుల్లో ఉండే పిల్లల్లో ఎక్కువమంది పాలమూరు, నల్లగొండ, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. దళితులు, లంబాడీలు, వెనుకబడిన కులాలవాళ్ళు, ఇంటి మొత్తంలో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్ళు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో చోటు దొరక్కపోతే ఆవరణలో కూర్చుని చదువుతారు. నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు. 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వేయాలని, జీవో 29 రద్దు చేయాలని వాళ్ళు రోడ్డెక్కినప్పుడు ఈ వీధుల్లోనే లాఠీలు లేచాయి. ఆ డిమాండ్ మంచిచెడ్డల జోలికి మేము ఇక్కడ వెళ్ళడం లేదు. కానీ అప్పటినుంచి భుజాన బ్యాగుతో నలుగురు కుర్రాళ్ళు ఒకచోట నిలబడితే చూసే చూపు మారిందని వాళ్ళే చెబుతున్నారు. వాళ్ళు ఈ పేటకు తెచ్చే అద్దె కావాలి, మెస్సు బిల్లు కావాలి, జిరాక్స్ డబ్బులు కావాలి. వాళ్ళు మాత్రం జేబులు చూపించాలి.

ఇక మన నగరంలో నిజంగానే నల్లజాతి పిల్లలున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఇఫ్లూలో చదవడానికి ఆఫ్రికా దేశాల నుంచి విద్యార్థులు ఎన్నో ఏళ్ళుగా వస్తున్నారు. కొందరికి చదువు ఖర్చు మన ప్రభుత్వమే ఉపకారవేతనంగా ఇస్తుంది. వాళ్ళలో క్రైస్తవులు చాలామంది. ఇంగ్లీషు ఆరాధనల్లో వెనక వరుసల్లో కూర్చునేది వాళ్ళే. వాళ్ళను చూడగానే మన నోటికి వచ్చే మొదటి మాట మత్తుమందు. ఎక్కడో ఒక కేసులో ఒకరు పట్టుబడ్డారని పేపర్లో 'నైజీరియన్' అని వస్తుంది. తర్వాత కెన్యా పిల్లవాడైనా, టాంజానియా అమ్మాయైనా, సూడాన్ విద్యార్థి అయినా దుకాణంలో, అద్దె ఇంటి గుమ్మంలో, ఆటోలో ఆ ఒక్క పేరుకే జవాబు చెప్పుకోవాలి. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఒక స్థానిక కుర్రవాడు చనిపోతే, మత్తుమందు ఇచ్చింది ఆఫ్రికావాళ్ళేనన్న అనుమానంతో గుంపులు నైజీరియా విద్యార్థుల మీద పడ్డాయి. ఒక మాల్ లోపల కుర్చీలతో, చెత్తడబ్బాలతో కొట్టిన దృశ్యాలు దేశమంతా చూసింది. వాళ్ళు అక్కడ సరుకులు కొనుక్కోవడానికి వెళ్ళినవాళ్ళు.

రంగు ఒక్కటే కాదు, ముఖం తీరు కూడా చాలు. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్‌నగర్‌లో అరుణాచల్‌ప్రదేశ్ విద్యార్థి నిడో తానియా ఒక కొట్టు దగ్గర చిరునామా అడగబోతే, అతని జుట్టునూ ముఖాన్నీ ఎగతాళి చేశారు. కోపంలో అతను అద్దం పగలగొట్టాడు. వాళ్ళు కొట్టిన దెబ్బలకు మరునాడు చనిపోయాడు. ఈశాన్య రాష్ట్రాలవారి మీద వివక్షను పరిశీలించడానికి కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది ఆ తర్వాతే. ఈశాన్యం నుంచి వచ్చి మన నగరంలో దుకాణాల్లో, బ్యూటీ పార్లర్లలో, హోటళ్ళలో పనిచేసే పిల్లల్లో ఎంతమంది మన తోటి విశ్వాసులో మన సంఘాలకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు గనుక.

హైదరాబాదుకు నల్లవాళ్ళు కొత్త కాదని కూడా మరచిపోయాం. మాసాబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ పేరులోని రెండక్షరాలకు ఆఫ్రికన్ కావల్రీ అని అర్థం. నిజాం ప్రభువుల అశ్విక దళంలో పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీల కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. మన పెళ్ళి ఊరేగింపుల్లో వినబడే మర్ఫా దరువు ఈ నగరానికి అలవాటైంది వాళ్ళ ద్వారానే. ఒకప్పుడు ఈ నగరం ప్రభువు ప్రాణానికే కాపలాగా పెట్టుకున్న మనుషుల రంగు అది. ఇప్పుడు అదే రంగు మనిషి వస్తే పప్పు డబ్బాలకు కాపలా పెడుతున్నాం.

దీన్నంతా లోకం పోకడ అని తోసేసి మనం తప్పుకోగలిగితే బాగుండేది. మన చరిత్ర ఆ వీలు ఇవ్వదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం గురించి సంఘాల్లో ఎప్పుడూ ప్రసంగం వినలేదు గనుక ఇక్కడ కొంచెం నిలబడి చెబుతాం.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసింది. ఒక జాతి మొత్తాన్ని, పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించవచ్చని దాని సారం. 1911లో చట్టాన్ని సవరించి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఎరుకల కుటుంబాలను దానికింద నమోదు చేసి, ప్రత్యేక సెటిల్‌మెంట్లలో పెట్టారు. 1910లలో ఏర్పడిన స్టూవర్టుపురం వాటిలో పేరుమోసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. దాన్ని నడిపించే బాధ్యత ఎవరికి ఇచ్చారు? సాల్వేషన్ ఆర్మీకి, అంటే మన రక్షణ సైన్యానికి. బడి పెట్టారు, పొలం ఇప్పించారు, చీరాల పొగాకు కంపెనీలో కూలి పని ఇప్పించారు, సువార్త ప్రకటించారు. ఆ చేతులే హాజరు కూడా పిలిచేవి. చెప్పకుండా ఊరు దాటితే నేరం, బయటికి పోవాలంటే పాసు కావాలి. వాళ్ళలో నిజంగా ఆ ప్రజలను ప్రేమించి ఇక్కడే ప్రాణం విడిచినవాళ్ళు లేరని అనము. అయినా ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో హాజరు పట్టీ పట్టుకోవడం మన సంఘ చరిత్రలో జరిగింది. సూపర్‌మార్కెట్ గుమ్మంలో ఆ "ప్రైజ్ ద లార్డ్" విన్నప్పుడు మాకు గుర్తొచ్చింది అదే.

1952లో ఆ చట్టం రద్దయింది. పేరు పోలేదు. 'స్టూవర్టుపురం దొంగ' అనే మాట తిట్టుగా మన ఇళ్ళలో ఉంది, సినిమాల పేర్లకెక్కింది. ఆ ఊరి పిల్లవాడు ఉద్యోగానికి వెళ్ళి ఊరి పేరు చెప్పడానికి సందేహించే పరిస్థితి తరాలపాటు నడిచింది. 1970ల నుంచి అక్కడికి వెళ్ళి, ఇంటింటికీ తిరిగి, ఆ కుటుంబాల మధ్య పనిచేసిన హేమలతా లవణం మహాకవి జాషువా కూతురు. క్రైస్తవ ఇంట పుట్టి నాస్తికోద్యమ కుటుంబంలో మెట్టిన మనిషి. మనవాళ్ళు హాజరు పట్టీతో వెళ్ళిన చోటికి ఆమె ఉత్త చేతులతో వెళ్ళింది. ఇది రాయడానికి మాకు కొంచెం సిగ్గుగానే ఉంది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్యా శాంత కేసులో తీర్పు చెబుతూ, జైలు మాన్యువళ్ళలో కులాన్నిబట్టి పనులు పంచే నియమాలనూ, విముక్త జాతులవారిని అలవాటుపడ్డ నేరస్థులుగా చూసే నియమాలనూ కొట్టేసింది. చట్టం పోయిన 72 ఏళ్ళకు కూడా ఆ చూపు ప్రభుత్వ పుస్తకాల్లో బతికే ఉందన్నమాట.

వాక్యంలో దుకాణం లేదు గానీ సంచి తనిఖీ ఉంది. ఆదికాండము 44వ అధ్యాయం తీసి చూడండి. ధాన్యం కొనుక్కుని పోతున్న పరదేశులను దారిలో ఆపి, వెండి గిన్నె దొంగిలించారని గోనెలు దింపించారు. ఆ గృహనిర్వాహకుడు కనీసం పెద్దవాడితో మొదలుపెట్టి చిన్నవాడి వరకు అందరి గోనెలూ విప్పించాడు! గిన్నె దొరికిన బెన్యామీను మాత్రం దొంగ కాడు, అది అతని గోనెలో పెట్టించినదే. అంతకుముందు 39వ అధ్యాయంలో యోసేపు మీద పోతీఫరు భార్య నింద మోపినప్పుడు అతన్ని పేరుపెట్టి పిలవదు, హెబ్రీయుడని అంటుంది. ఊరుకాని ఊరివాడు అన్నాక వేరే రుజువు అక్కరలేకపోయింది. 'నైజీరియన్', 'స్టూడెంట్', 'నల్లోడు', 'ఊరోడు' అన్న మాటలు చేసే పనీ అదే. సంఖ్యాకాండము 12లో మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లాడినందుకు మిర్యాము నోరు చేసుకుంటే, దేవుడు శిక్షించింది కూషు స్త్రీని కాదు. మిర్యాము చర్మమే కుష్ఠంతో మంచులా తెల్లబడింది. తెలుపు ఆశీర్వాదమనే మన పెండ్లి సంబంధాల లెక్కకు ఆ అధ్యాయం బొత్తిగా సరిపడదు.

రాజ్యాంగం ఏమంటుందో కూడా మన యౌవనస్థులకు తెలియాలి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన స్థలం కారణంగా ఏ పౌరునికీ దుకాణంలోకి రావడానికి అడ్డంకిగాని షరతుగాని పెట్టకూడదని 15వ అధికరణలోని రెండో క్లాజు చెబుతుంది. 'దుకాణం' అనే మాట అక్కడ ఊరికే పడలేదు. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేడ్కర్ ఆ మాటను విశాలమైన అర్థంలో వాడామని, డబ్బు తీసుకుని సేవ అందించే చోటు ఏదైనా అందులోకి వస్తుందని వివరించారు. ఆ క్లాజు పౌరులకు మాత్రమే. కానీ 14, 21 అధికరణలు ఈ నేల మీదున్న ప్రతి మనిషివీ, ఆఫ్రికా విద్యార్థివి కూడా. బ్యాగు కౌంటర్‌లో పెట్టమనడం తప్పు కాదు, అది అందరికీ ఒకే నియమమైతే. సెక్యూరిటీ గార్డుకు పోలీసు అధికారం లేదు. కేవలం అనుమానంతో ఒంటి మీద చేయి వేసి వెతకడం, గదిలో కూర్చోబెట్టడం కుదరదు. అక్రమంగా నిర్బంధించడం భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షను కింద నేరం. తన కళ్ళముందే తీవ్రమైన నేరం చేసినవాడిని మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు, కానీ ఆలస్యం చేయకుండా, ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలి. కులం పేరుతో అవమానిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం ఉండనే ఉంది.

దుకాణం నడుపుకునే విశ్వాసులు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్ళు ఇప్పటికే నొచ్చుకుని ఉంటారు. దొంగతనం నిజం, నష్టం నిజం. ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్‌లో 2016లో ఒక బేకరీ యజమాని కుటుంబం దొంగతనం చేసిన నల్లజాతి విద్యార్థిని పట్టుకుంటే, కాలేజీవాళ్ళు ఆ కుటుంబానిదే జాతి వివక్ష అని ఊరేగారు. ఆ విద్యార్థులు తర్వాత నేరం ఒప్పుకున్నారు. కోర్టు తీర్పుల తర్వాత 2022లో కాలేజీ ఆ బేకరీకి మూడున్నర కోట్ల డాలర్లకు పైగా కట్టవలసి వచ్చింది. రుజువు లేకుండా దుకాణదారుడి మీద ముద్ర వేయడం కూడా అదే పాపం. మేము అడుగుతున్నది కాపలా తీసేయమని కాదు. నియమం పెడితే గుమ్మం దాటే ప్రతి సంచికీ పెట్టండి, మా సంచికి కూడా. షార్టేజ్ వస్తే కాపలావాడి జీతంలో కోయకండి. ఎందుకంటే కోత భయమే అతని కళ్ళను కుర్రాళ్ళ మీదికి తిప్పుతోంది.

మన మందిరం గుమ్మంలో ఏం జరుగుతోంది? యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడినీ మురికి బట్టలవాడినీ ఎక్కడ కూర్చోబెట్టారని అడిగింది దుకాణాలను కాదు, సభను. కొత్తవాడు వస్తే పరిచారకులు ముందు చెప్పులు చూస్తారో ముఖం చూస్తారో ఎవరికి వాళ్ళే గమనించుకోవచ్చు. వేసవిలో వి.బి.ఎస్.లో పిల్లలకు చూపించే రంగుల పుస్తకం గురించి కూడా ఒక మాట. అక్షరాలు లేని ఆ పుస్తకంలో నల్ల పుట అంటే పాపం, తెల్ల పుట అంటే శుద్ధ హృదయం. మంచి ఉద్దేశంతో చేసినదే. కానీ నల్లగా పుట్టిన ఐదేళ్ళ పాప ఆ నల్ల పుట చూసి తన చేయి చూసుకుంటే, టీచరమ్మ ఏం చెబుతుంది? నల్ల పుట తీసి చీకటి గది బొమ్మ పెట్టినా పాఠం చెడిపోదు.

అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు ఐతియొపీయుని రథం దగ్గరికి పరుగెత్తాడు. ఏ దేశం, ఏం పని, ఎక్కడికి అని అడగలేదు. చదువుతున్నది అర్థమవుతోందా అని అడిగాడు. చదువుకునే పిల్లల మధ్య ఉన్న చిక్కడపల్లి, అశోక్‌నగర్ సంఘాలకు ఆ ప్రశ్న సరిగ్గా సరిపోతుందని మాకు తోచింది. సాయంత్రాలు ఖాళీగా ఉండే సండేస్కూలు గదులు చదువుకోవడానికి తెరిచిపెట్టవచ్చు. ఆఫ్రికా విద్యార్థుల్ని ఆరాధన అయ్యాక ఒక్క పూట భోజనానికి ఇంటికి పిలవవచ్చు. ఇల్లు అద్దెకివ్వకపోయినా సరే, ముందు అన్నం పెట్టండి.

మా పాస్టరుగారు ఒప్పుకుంటే, పోయిన నెల యౌవనస్థుల కూడికకు ఆ సెక్యూరిటీ సోదరుణ్ణి కూడా పిలిచాం. పన్నెండు గంటల డ్యూటీ దిగి, యూనిఫాం మీద స్వెటర్ వేసుకుని వచ్చాడు. అతనిదీ మహబూబ్‌నగర్ పల్లెటూరే, అతనికీ డిగ్రీ చదివే కొడుకున్నాడు. "సామాన్ల లెక్క తక్కువొస్తే మా జీతంలకెల్లి కట్ చేస్తరు సార్. బ్యాగులోళ్ళని జూడు, స్టూడెంట్లని జూడు అంటడు మేనేజరు. నేనేం జేయాలె" అన్నాడు. ఆ తమ్ముడు అతని పక్క కుర్చీలోనే కూర్చున్నాడు, ఏమీ అనలేదు. చివరికి మేమే అడిగాం, ఆ రోజు మా సంచి ఎందుకు చూడలేదు అని. అతను చాలాసేపు ఆలోచించాడు.

"ఏమో సార్. మీ సంచి జూడాలని నాకు మనసులకే రాలె."